వీనులవిందు: తబలా లేని పది రాగములు

ఈ శీర్షికలో ఇంతవరకు కీర్తనలను గూర్చియు, వీణావాదనమును గూర్చియు, మన పల్లెపదములను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున మీలో పెక్కండ్రు చెవులు మూసికొను విషయము నెత్తుకొనుచున్నాను. అది యంత్రములచే పుట్టు నృత్యసంగీతము. మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో దానినంతయు 'డీజే' యను ఒక్క మాటతో తేల్చివేయుదురు. నేనును నిన్న మొన్నటి వరకు అట్లే తేల్చివేసితిని. అందువలన ఒక పిల్ల మనస్సు నొప్పించితిని. ఆ సంగతి చెప్పిన పిదప, ఆ పిల్లయే నాకు వినిపించిన ఒక రికార్డును గూర్చి చెప్పెదను.

గడచిన వైశాఖమున మా అన్నగారి కూతురి వివాహము కరీంనగరములో జరిగినది. అత్తవారిల్లును ఆ పట్టణమే. రాత్రి బరాత్ బయలుదేరినది. ముందు లారీమీద నిలువెత్తు పెట్టెలు, వాని వెనుక ఆడుచున్న పడుచువాండ్రు, ఆ వెనుక పెండ్లికారు. ఆ చప్పుడునకు వీథిలోని కిటికీ అద్దములు గడగడలాడినవి. పిల్ల కారు దిగి, తోటి ఆడుపిల్లలతో కలిసి నాలుగడుగులు వేయబోయినది. నేను చేయి పట్టుకొని, "పెండ్లిపిల్లవు, నడి బజార్ల ఎగురుతవా? గిది పాటనా, రేకుల చప్పుడా?" అని గద్దించితిని. పిల్ల మారు పలుకక కారెక్కి కూర్చున్నది. అత్తవారి వాకిలి చేరువరకు తల యెత్తలేదు. పెద్దరికము నిలుపుకొంటినని ఆ రాత్రి నేను సంతోషించితిని.

ఆషాఢమునకు పిల్ల పుట్టినింటికి వచ్చినది. నేనును అచ్చటనే యుంటిని. ఒక సాయంకాలము సన్నని జల్లు పడుచుండెను. మా అమ్మ నులకమంచముపై ఒరగియుండెను. నేను ప్రక్కన కూర్చుండి గోకరకాయ తుంచుచుంటిని. పిల్ల అరచేతిలో పట్టు చిన్న పెట్టెను తెచ్చి గూటిలో పెట్టినది.

"అత్తమ్మా, డీజే అంటె మొత్తుకుంటవు గదా. గిది గూడ మిషిని పాటనే. ఒక్కసారి ఊకెనే కూసోని వినరాదు?" అన్నది.

ఆ మాటలో నిష్ఠూరము లేదు. ఉన్నచో నాకు తేలికగా నుండెడిది.

మా అమ్మ పుట్టినిల్లు గోదావరి యొడ్డున ధర్మపురి. బాల్యమున భజనలు విని విని రాగము పట్టుకొనుట నేర్చినది. ఎనుబది యేండ్లు దాటినను ఆ జ్ఞానము చెక్కుచెదరలేదు. పాట మొదలైనప్పుడు కనుబొమలు ముడిచినది. అడుగున గుండె కొట్టుకొనునట్లు విడువని దెబ్బ, దానిపై గుండ్రముగా తిరుగు మందర ధ్వని, ఆపైన జారుచు పోవు స్వరములు. రెండు నిమిషములు గడచెను. అమ్మ వ్రేళ్లు మంచపు పట్టెమీద కదలినవి. "ఎవ్వడో గని, సింధుభైరవి పట్టిండు" అన్నది. మరికొంత సేపటికి లేచి కూర్చుండి, "గిది హిందోళమే గదనే!" అన్నది. పిల్ల నవ్వినది. పెండ్లినాటి తరువాత నా యెదుట ఆ పిల్ల నవ్వుట అదే మొదలు.

ఆ రికార్డు పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. అనగా డిస్కో దెబ్బకు పది రాగములు. దానిని వాయించినవారు బొంబాయికి చెందిన చరణ్‌జిత్ సింగ్ గారు. వీరు హిందీ చలనచిత్రములకు వాద్యము వాయించి జీవనము సాగించినవారు. శంకర్-జైకిషన్, రాహుల్ దేవ్ బర్మన్ వంటి సంగీత దర్శకుల వద్ద పనిచేసిరి. తెరమీద వారి ముఖము కనబడదు. పాటలో వారి చేయి మాత్రము వినబడును. 1980లో నాజియా హసన్ పాడిన పాట మొదలుకొని హిందీ చిత్రములలో డిస్కో వెల్లువ వచ్చినది. 1982లో 'డిస్కో డాన్సర్' అను చిత్రమే వచ్చినది. ఆ యేడే చరణ్‌జిత్ సింగ్ గారికి ఒక తలపు పుట్టినది. డిస్కో దెబ్బ నుంచుకొని, తబలాను తీసివేసి, హిందూస్తానీ రాగములను యంత్రములపై పలికించిన నెట్లుండును? వారు పది రాగముల నట్లు వాయింపగా, గ్రామఫోన్ కంపెనీవారు రికార్డుగా వెలువరించిరి.

కర్ణాటక సంగీతము పరిచయమున్న సోదరీమణుల సౌకర్యమునకై ఆ రాగములను మన పేళ్లతో పోల్చి చెప్పెదను. భూపాలి మన మోహన. మాల్కౌంస్ మన హిందోళము. యమన్ మన కల్యాణికి తోబుట్టువు. వారి తోడి మన తోడి గాదు, మన శుభపంతువరాళి. మధువంతి మన ధర్మవతికి దగ్గర. కళావతి మన వలజి. బైరాగి మన రేవతి. మేఘమల్హార్ వినునప్పుడు మధ్యమావతి తలపునకు వచ్చును. భైరవి యనునది మన సింధుభైరవి పోలికది. లలిత్‌లో రెండు మధ్యమములు ప్రక్కప్రక్కనే నిలుచును. దానికి మనలో సరిజోడు లేదు.

ఇక ఆ యంత్రములు. మూడును జపాను దేశపు రోలాండ్ కంపెనీ చేసినవే. ఒకటి టీఆర్-808. ఇది 1980లో వచ్చినది. చర్మము లేకయే విద్యుత్తుతో మద్దెల దెబ్బను, తాళపు చప్పుడును, చప్పట్లను పలికించును. రెండవది 1981లో వచ్చిన టీబీ-303. ఒంటరిగా గిటారు వాయించుకొనువారికి మందర స్వరములతో తోడు నిలుచుటకై దీనిని చేసిరి. స్వరముల వరుసను ఒకసారి కూర్చి పెట్టినచో దానంతట అదే మరల మరల వాయించును. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారునట్లు చేయుటయు దానికి తెలియును. మూడవది జూపిటర్-8. రాగము పలికినది దీని మెట్లమీదనే.

నేను మా అమ్మకు ఇదంతయు చదివి చెప్పితిని. అమ్మ విని, "గింతేనా? గిది ఇసుర్రాయి పాట" అన్నది.

ఆ ఒక్క మాటతో నా కనులు తెరచుకొన్నవి. మన తల్లులు తెల్లవారుజామున విసుర్రాయి ముందు కూర్చుండి పాడినప్పుడు జరిగినది ఏమి? అడుగున రాయి గుండ్రముగా తిరుగును. తిరిగినప్పుడెల్ల అదే గుర్రుమను ధ్వని. పాడు గొంతుకకు అదియే శ్రుతి, అదియే తాళము. తంబుర లేని యింట రాయియే తంబుర. టీబీ-303 తిరుగుచున్నది అట్లే. మన రాగమునకు పాశ్చాత్యులవలె స్వరములను గుత్తులుగా మార్చుకొనుచు పోవు పని లేదు. ఆధార షడ్జము కదలక నిలిచియుండవలెను. కావుననే ఈ తిరుగుడు యంత్రముతో రాగమునకు పొత్తు కుదిరినది. జారు స్వరము గమకము కాజాలదు గాని, గమకమును గుర్తునకు తెచ్చును.

చప్పట్ల మాటయు అట్టిదే. ఐదారు రాగములైన పిదప చూచితిని గదా, అమ్మ రెండు చేతులును దగ్గరకు వచ్చుచున్నవి. 808 యంత్రపు చప్పట్లకు సరిగా బతుకమ్మ చప్పట్లు! బతుకమ్మ పాటలో చరణము మారుచుండును, పల్లవి మారదు, చప్పట్లు మారవు, వలయము తిరుగుచునే యుండును. గంట గడచినను ఎవరికిని విసుగు పుట్టదు. పైపెచ్చు, తిరిగిన కొలది మనస్సు తేలికపడును. చెప్పినదే చెప్పుట యంత్రపు పాటలోని దోషమని నేను చాలకాలము నిందించితిని. ఆ గుణము మన తంగేడుపూవుల చుట్టును ఉన్నదని ఎన్నడును తలచనైతిని.

దోషములు లేవని చెప్పను. లలిత్ తెల్లవారకముందటి రాగము. దానికి తొందర పనికిరాదు. ఈ రికార్డులో దానిని కూడ తక్కిన వానితోబాటు ఒకే పరుగున పరుగెత్తించిరి. ఆలాపన యనునది ఒకటి రెండు క్షణములే. పాడువాడు ఊపిరి పీల్చుకొనునప్పుడు కలుగు సందు ఇందు లేదు. పది రాగములను ఒక్క కూర్చున్నపాటున వినినచో, పది విందులలో ఒకే కూర వడ్డించినట్లు తోచును. దినమునకు రెండు మూడు చొప్పున వినుట మేలు. మొదట మాల్కౌంస్, పిదప మేఘమల్హార్ వినుడు.

ఈ రికార్డు చరిత్రయే వినువారికి ఒక పాఠము. 1982లో వచ్చినప్పుడు దానిని పట్టించుకొన్నవారు లేరు. సంగీతజ్ఞులకు అది ఆటవస్తువుగా తోచినది. ఆటవారికి రాగముల బరువు ఎక్కువైనది. చరణ్‌జిత్ సింగ్ గారు చడి చప్పుడు లేక తమ పని తాము చేసికొనుచుండిరి. అచ్చట జపానులో టీబీ-303 గతియు అంతే యైనది. కొనువారు చాలక 1984లో దాని తయారీ మానివేసిరి. చవుకగా పాత అంగళ్లకు చేరిన ఆ యంత్రమును అమెరికాలోని చికాగో నగరపు పడుచువాండ్రు కొని, దాని మీటలను త్రిప్పి త్రిప్పి, చేసినవారే యెరుగని ధ్వనులను రాబట్టిరి. 1987లో ఫ్యూచర్ అను బృందము వెలువరించిన 'ఆసిడ్ ట్రాక్స్' తో 'ఆసిడ్ హౌస్' అను నృత్యసంగీత శాఖ పేరు పొందినది. వారికి బొంబాయి రికార్డు సంగతి తెలియదు.

పిదప 2002లో ఎడో బౌమన్ అను డచ్చి దేశస్థునకు ఢిల్లీలో ఈ పాత రికార్డు దొరకినది. విని ఆశ్చర్యపడి, వాయించినవారిని వెదకి పట్టుకొని, 2010లో తమ 'బాంబే కనెక్షన్' సంస్థ ద్వారా మరల అచ్చు వేయించినారు. వినినవారు నమ్మలేదు. చికాగోవారికి ఐదేండ్ల ముందే ఇట్టి ధ్వని బొంబాయిలో పుట్టుట అసంభవమనియు, ఎవరో ఈనాటివారు చేసిన కపటమనియు కొందరు శంకించిరి. శంక తీరిన పిదప కొందరు మరియొక కొసకు పోయి, ఆసిడ్ హౌస్‌ను పుట్టించినవారు చరణ్‌జిత్ సింగ్ గారే యనిరి. అదియు సరి కాదు. ఒకరి నెరుగక ఒకరు, ఒకే యంత్రమునుండి రెండు దేశములలో రెండు దారులు తీసిరి. ఇది చాలదా గౌరవమునకు? డెబ్బదియేండ్ల వయస్సున వారు ఐరోపాకు పోయి పడుచువాండ్ర సభలలో ఆ రాగములను వాయించిరి. 2015 జూలైలో ముంబయిలో కన్నుమూసిరి. రికార్డు పుట్టినప్పటినుండి విననేర్చిన చెవులు దొరకువరకు ఇరువది యెనిమిది యేండ్లు పట్టినది. ఆ నడుమ రికార్డులో ఒక్క స్వరమైనను మారలేదు. మారినది వినువారే.

ఇది చదివి, బొంబాయి రాగములకును మన వీథి డీజేకును పొత్తేమి యని మీరడుగవచ్చును. నేనును పిల్ల నదే యడిగితిని. పిల్ల తన ఫోనులో 'బుల్లెట్టు బండి' పాట పెట్టినది. 2021లో మోహన భోగరాజు గారు పాడిన ఈ పాట మీ యిండ్లలోని పిల్లలందరకు వచ్చును. లక్ష్మణ్ గారు వ్రాసిరి, ఎస్.కె. బాజి గారు సంగీతము కూర్చిరి. ఆ యేటి ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెండ్లికూతురు తన బరాత్‌లో వరుని యెదుట ఈ పాటకు ఆడినది. 2016 వరకు మంచిర్యాల ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఆ దృశ్యము దేశమంతట ప్రాకినది. నేనప్పుడు దానిని చూచి పెదవి విరిచితిని. ఈసారి కాయ తుంచుట మాని, చిన్న పెట్టెలో, మెల్లగా వింటిని. అప్పగింతలలో ఏడ్చుటకు తప్ప పెండ్లిపిల్లకు నోరు లేదని మనము పెరిగితిమి. ఈ పాటలో పిల్ల తాను ఎవరి గారాబమున పెరిగినదో, ఏ మనస్సుతో అత్తవారింటికి వచ్చుచున్నదో తానే వరునితో చెప్పుకొనుచున్నది. బాణీ మన పల్లెది, దెబ్బ యంత్రముది. ఆనాడు నేను చేయి పట్టి ఆపినది నాలుగడుగులను మాత్రమే కాదని అప్పుడు తెలిసినది.

అయినను నా కోపములో కొంత న్యాయము కలదు. దానిని విడువను. నా కోపమునకు తగినది పాట కాదు, పెట్టెల చప్పుడు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు నడుపరాదు. కొన్ని పండుగ దినములకు మాత్రము ప్రభుత్వము అర్ధరాత్రి వరకు సడలింపు నీయవచ్చును. పసిబిడ్డలు, గుండెజబ్బువారు, పరీక్షలకు చదువు పిల్లలు ప్రతి వీథిలోను ఉందురు. పైగా అంత చప్పుడులో పాటయే వినబడదు. చెవి తనను తాను కాపాడుకొనుటతోనే సరిపోవును. ఆ రాత్రి నేను పాటను రేకుల చప్పుడన్నది అందుకే. పెట్టెను నిందింపవలసినచోట పాటను నిందించితిని. పాటను నిందించి, పిల్లను శిక్షించితిని.

అల్లుడు ఉట్నూరులో ఉపాధ్యాయుడు. కాపురమునకు పోయిన పిదప, దీపావళి దినములలో పిల్ల ఫోను చేసినది. తోటి ఉపాధ్యాయుల కుటుంబములతో కలిసి గోండుల గూడెమునకు దండారి చూడబోయినదట. నెమలి యీకల పెద్ద కిరీటములు తలదాల్చి, ఒడలికి బూడిద పూసికొని, చేత కర్ర పట్టి గుస్సాడీలు ఆడుచుండిరట. డప్పులు, తుడుము, పెప్రె వాద్యము ఒకే వరుసను విడువక వాయించుచుండెనట. "అత్తమ్మా, గదే తిరుగుడు! గక్కడ మిషిని లేదు, గంతే" అన్నది. ఆసిఫాబాదు జిల్లా మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఈ గుస్సాడీ నృత్యమును ఎందరో పిల్లలకు నేర్పి, 2021లో పద్మశ్రీ పొందిరి. 2024 అక్టోబరులో స్వర్గస్థులైరి. ఉట్నూరు, జైనూరు మనకు దూరము కావు. మనలో ఎందరము దండారి వాద్యమును ఒక పూట కూర్చుండి వింటిమి? బొంబాయి రికార్డును డచ్చివాడు వచ్చి వినువరకు మనము వినలేదు. మన యడవిలోని డప్పునకును అట్టి గతియే పట్టనీయరాదు.

ఆ ఫోనుకు ముందటి ముచ్చట ఒకటి చెప్పి ముగించెదను. పెండ్లియైన తరువాత మొదటి బతుకమ్మకు పిల్ల పుట్టినింటికి వచ్చినది. మా వాడ పడుచువాండ్రు లారీ పెట్టెలు తెత్తుమనిరి. ఆడువారమందరము కూడి ఒక మాట యనుకొంటిమి. పెట్టెలు రెండే, అవియును చిన్నవి, మా చప్పట్లు మాకు వినబడునంత మెల్లగా పెట్టవలెను, తొమ్మిదిన్నరకు ఆపివేయవలెను. వారును ఒప్పుకొనిరి. మొదట మా అమ్మ కుర్చీలో కూర్చుండి పాత పాటలు చెప్పగా అందుకొంటిమి. పిదప పిల్లలు యంత్రపు పాట పెట్టిరి. నేను మా పిల్ల దగ్గరకు పోయి, "బిడ్డా, ఆనాడు నేను తప్పు మాట్లాడిన. మనసుల పెట్టుకోకు. నువ్వు ముంగటుండి ఆడు" అంటిని. పిల్ల ఏమియు అనలేదు. నా చేయి పట్టుకొని వలయములోనికి లాగినది. ఆనాడు నేను పట్టుకొన్న చేయి అదే.

సోదరీమణులారా, మీ యింటి పిల్లలు వినుచున్న పాట మీకు నచ్చకపోవచ్చును. తీర్పు చెప్పుటకు ముందు ఒక్క సాయంకాలము వారి ప్రక్కన కూర్చుండుడు. ధ్వనిని తగ్గించి, చేతిలో చిన్న పని యేదేని పెట్టుకొని వినుడు. అడుగున తిరుగుచున్న స్వరమును మొదట పట్టుకొనుడు. పిదప దానిపై కదలుచున్న రాగమును వెదకుడు. అప్పటికిని నచ్చనిచో నచ్చలేదని చెప్పుటకు మీకు పూర్తి హక్కు కలదు. మీ ప్రాంతమున విసుర్రాయి పాటలు, దండారి పాటలు ఎరిగిన పెద్దలున్నచో మాకు వ్రాయుడు. వచ్చు మాసమున వానిని గూర్చి ముచ్చటించుకొందము.